సర్వజ్ఞ సింగభూపాలుడు: రాగంలోని రంగు

సూర్యాపేటకు సమీపాన పిల్లలమఱ్ఱి అనే గ్రామమున్నది. కాకతీయుల కాలంలో రేచర్ల నాయకులు కట్టించిన శివాలయాలు అక్కడ ఇప్పటికిని నిలిచి ఉన్నవి. 1195, 1208 సంవత్సరాల నాటి శాసనాలు వాటి పుట్టుకను తెలుపుతున్నవి. నల్లరాతి స్తంభాలు అద్దాలవలె నునుపుదేరి ఉంటవి. వానిలో కొన్నింటిని వ్రేలితో మీటితే స్వరం పలుకుతుందని ప్రసిద్ధి. అదే ఆలయాలలో దీపపు మసి, వాన తేమ, ఎనిమిది వందల ఏండ్ల కాలం తినివేయగా మిగిలిన వర్ణచిత్రాల జాడలు కూడ ఉన్నవి. నాదం ఒక ప్రక్క, రంగు ఒక ప్రక్క. చూచేవారు రెంటినీ వేర్వేరు వింతలుగానే చూచి వస్తారు. కాని ఈ నేలతో సంబంధం గల వంశంలో పుట్టిన రాజొకడు నాదానికి రంగున్నదనే శాస్త్రానికి వ్యాఖ్య వ్రాసినాడు. మనస్సుకు పట్టిన రంగు ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్నను విచారించినాడు. అతడే రాచకొండ ప్రభువు సర్వజ్ఞ సింగభూపాలుడు.

రాచకొండ ఇప్పటి యాదాద్రి భువనగిరి జిల్లాలోనిది. వంశపు వేళ్ళు మాత్రం మిర్యాలగూడ ప్రాంతంలోని ఆమనగల్లులోను, సూర్యాపేట ప్రాంతంలోని పిల్లలమఱ్ఱిలోను ఉన్నవి. వెలుగోటివారి వంశావళి ఒక కథ చెప్పుతుంది. ఆమనగల్లులో చెవ్విరెడ్డి అనే కాపు ఉండెడివాడు. పొలంలో అతనికి నిక్షేపం కనబడింది. దానిని కాచే బేతాళుడు నరబలి కోరినాడు. రేచడు అనే సేవకుడు, తన పేరు యజమాని వంశానికి నిలిచేటట్లయితే బలి కావటానికి ఒప్పుకొన్నాడు. ఆనాటినుండి ఆ వంశం రేచర్ల వారనీ, చెవ్విరెడ్డి పిల్లలమఱ్ఱి బేతాళరెడ్డి అనీ ప్రసిద్ధికెక్కిరట. పిల్లలమఱ్ఱి గుడులు కట్టిన రేచర్ల రెడ్లకును, ఈ రేచర్ల పద్మనాయకులకును ఉన్న చుట్టరికాన్ని గురించి చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. కథ కథగానే ఉండవచ్చును. ఒక పెద్ద వంశం తన పేరును తన రాజుల నుండి గాక, ప్రాణమిచ్చిన సేవకుని నుండి తెచ్చుకొన్నదని చెప్పుకోవటం మాత్రం గమనింపదగినది.

1323లో ఓరుగల్లు పతనమైనది. ఆ తరువాతి అర్ధశతాబ్దం తెలుగుదేశంలో కత్తి పట్టినవానిదే రాజ్యం. సింగభూపాలుని తాత సింగమనాయకుడు సుమారు 1361లో జల్లిపల్లి కోట ముట్టడిలో హతుడైనాడు. అతని కుమారులు అనపోతనాయకుడు, మాదానాయకుడు తండ్రి పగ తీర్చుకొన్న తీరును వంశావళి అతి భయంకరంగా వర్ణిస్తుంది. 1368 ప్రాంతంలో భీమవరం యుద్ధంలో ముసునూరి కాపయనాయకుడు అనపోతనాయకుని చేతిలో కూలిపోయినాడు. ఓరుగల్లు పద్మనాయకుల వశమైనది. 1369 నాటి అయినవోలు శాసనంలో అనపోతనాయకుడు ఆంధ్రదేశాధీశ్వరుడనని చెప్పుకొన్నాడు. ఆమనగల్లు మైదానపు ఊరు. అది రాజధానిగా ఇక చాలదని అతడు రాచకొండ గుట్టలెక్కి దుర్గం కట్టించినాడు. దేవరకొండలో మాదానాయకుని శాఖ స్థిరపడింది.

ఆ అనపోతనాయకునికి, అన్నమాంబకు పుట్టినవాడు మన సింగభూపాలుడు. పగతోను, నెత్తురుతోను నిండిన ఇంటిలో శృంగార కరుణాది రసాల భేదాలు విచారించే బుద్ధి ఎట్లా పుట్టింది? ఈ ప్రశ్నకు సమాధానం కొంతవరకు కృష్ణకు ఆవలి ఒడ్డున దొరుకుతుంది.

కోదాడ దాటి దక్షిణంగా పోతే కృష్ణానది. ఆవలిది కొండవీటి రెడ్ల సీమ. కొండవీటికిని రాచకొండకును మూడు తరాలు పోరు సాగింది. కాని ఈ పోరు యుద్ధరంగంతో ఆగలేదు. కొండవీటి కుమారగిరిరెడ్డి నాట్యంపై వసంతరాజీయం రచించినాడు. ఆ గ్రంథం నేడు లభించదు. అతని బావమరది కాటయవేముడు కాళిదాసు నాటకాలు మూడింటికి వ్యాఖ్య వ్రాసినాడు. తరువాత గద్దెనెక్కిన పెదకోమటి వేమారెడ్డి సంగీతచింతామణి, సాహిత్యచింతామణి అనే గ్రంథాలను, అమరుకానికి శృంగారదీపిక అనే వ్యాఖ్యను వెలయించి సర్వజ్ఞచక్రవర్తి అనిపించుకొన్నాడు. ఈవలి ఒడ్డున సింగభూపాలుడు సర్వజ్ఞుడు! బిరుదులోనూ పోటీయే. ఒకరి కోట నొకరు పట్టుకొనటానికి ఎంత పట్టుదల చూపినారో, భరతముని మాటకు సరియైన అర్థం చెప్పటంలోనూ అంత పట్టుదల చూపినారు. ఆనాటి రాజుకు కీర్తి రెండు విధాలుగా రావలెను. కత్తి ఒక విధం, కావ్యశాస్త్రం రెండవది. కోదాడ, మిర్యాలగూడ సీమలు ఈ రెండు విద్వద్రాజ్యాల నడుమ పడినవి. పండితులు దాటిపోయిన రేవులూ, సైన్యాలు దాటిపోయిన రేవులూ ఒకే నది మీదివి గదా.

సింగభూపాలుని పరిపాలన సుమారు 1384 నుండి 1399 వరకని చెప్పుతారు. యువరాజుగా ఉన్నప్పుడే కల్యాణి దిక్కు దండెత్తి గెలిచినాడని వంశావళి కథనం. తన గ్రంథంలో వంశక్రమాన్ని తానే వివరిస్తూ, వింధ్యకును శ్రీశైలానికిని నడుమనున్న దేశాన్ని రాజాచలం నుండి పాలించినట్లు చెప్పుకొన్నాడు. రాజాచలమంటే రాచకొండయే. వింధ్య వరకు అనేది రాజులకు సహజమైన అతిశయం. దానిని పటం పరచి కొలువవలసిన పని లేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక చిక్కును తెలిసికొనవలెను. ఆ వంశంలో సింగభూపాలులు ఒకరు కారు. తాత పేరు మనుమనికి పెట్టే ఆచారం వల్ల తరానికొక సింగముడు, అనపోతుడు, మాదుడు కనబడుతారు. శ్రీనాథుడు రాచకొండ సభకు వెళ్ళి నందికంత పోతరాజు కటారిని సంపాదించుకొని వచ్చినాడన్న కథ, పోతన భోగినీదండకాన్ని సింగభూపాలునికై చెప్పినాడన్న ప్రతీతి, రెండూ మన సర్వజ్ఞునికే అంటగట్టి చెప్పటం వాడుక. కాలగణనను బట్టి చూస్తే ఇవి తరువాతి సింగభూపాలునికి చెందుటకే ఎక్కువ అవకాశమున్నది. కటారి కథ బడిపిల్లలకు కూడ తెలుసును. సర్వజ్ఞ సింగభూపాలుడు నిజంగా చేసిన పని అంతగా తెలియదు. కథకు కాళ్ళున్నవి, శాస్త్రానికి లేవు.

అతడు చేసిన పని మూడు గ్రంథాలలో ఉన్నది. మూడూ సంస్కృతంలోనివే. రసార్ణవసుధాకరం నాట్యశాస్త్ర విషయాలను రంజకోల్లాసం, రసికోల్లాసం, భావోల్లాసం అనే మూడు విలాసాలలో చెప్పుతుంది. సంగీతసుధాకరం శార్ఙ్గదేవుని సంగీతరత్నాకరానికి వ్యాఖ్య. మూడవది కువలయావళి అనే నాటిక. దీనికే రత్నపాంచాలిక అని మరియొక పేరు. పాంచాలిక అంటే బొమ్మ. కృష్ణుడు నాయకుడుగా గల ఈ నాటిక పేరులోనే రత్నాల బొమ్మ యొకటి నిలిచి ఉన్నది. బొమ్మకును, ప్రాణమున్న స్త్రీకిని భేదమేమిటన్న కుతూహలం ఈ రాజును విడువలేదేమో!

ఇవి రాజు వ్రాసినవేనా, ఆస్థానపండితుడు విశ్వేశ్వరుడు వ్రాసి రాజుకు అంకితం చేసినవా అన్న సందేహం లోకంలో ఉన్నది. రాజుల పేరిట వెలసిన ప్రతి గ్రంథానికి ఈ సందేహం తప్పదు. విశ్వేశ్వరుడు చమత్కారచంద్రికలో సింగభూపాలునే ఉదాహరణ పద్యాలకు నాయకునిగా పెట్టుకొన్న మాట నిజమే. కాని గ్రంథాంతంలో ఆంధ్రమండలాధీశ్వరుడు, అనపోతనరేంద్రుని కుమారుడు అని కర్త పేరు స్పష్టంగా ఉన్నది. దానిని తోసిపుచ్చటానికి అనుమానం తప్ప బలమైన ఆధారం లేదు. రాజు చేత కలమున్నా, పండితుని చేత కలమున్నా, ఆలోచన జరిగినది ఆ కొండమీది సభలోనే.

ఆ ఆలోచనలో అన్నింటికంటె రుచికరమైనది రాగమనే మాటను గూర్చినది.

రాగమనగానే మనకు మోహన, కల్యాణి జ్ఞాపకం వస్తవి. అనురాగమంటే ప్రేమ. రంజకమంటే మనస్సుకు ఇంపైనది. కాని ఈ మాటలన్నింటి మూలంలో ఉన్నది రంగు వేయటమే. సంస్కృతంలో రంజ్ అనే ధాతువుకు రంగు పట్టటమని అర్థం. అద్దకపువాడు గుడ్డకు చేసే పనినే గాయకుడు మనస్సుకు చేస్తున్నాడు. తెల్లని నూలువంటి మనస్సు మీద స్వరాల రంగు ఎక్కించటమే రాగం. సంగీతశాస్త్రంలో వర్ణమన్న మాటకూ ఇదే గతి. చిత్రకారునికి వర్ణం రంగు. గాయకునికి వర్ణం స్వరం నిలిచే, ఎక్కే, దిగే, కలసి తిరిగే నడక. ఒకే మాట రెండు కళలను ఏకంగా పట్టుకొన్నది.

సింగభూపాలుడు ఈ పోలికను అలంకారంగా వాడి విడిచిపెట్టలేదు. రసార్ణవసుధాకరంలో రతి అనే భావం ఎదిగే తీరును ఒక మొక్క ఎదుగుదలతో పోల్చినాడు. మొలక దశలో అది ప్రేమ, చిగురు దశలో మానం, మొగ్గ దశలో ప్రణయం, పువ్వు దశలో స్నేహం, పండు దశలో రాగం, ఆ పండును అనుభవించే దశలో అనురాగం. నేడు మనం స్నేహాన్ని ప్రేమకంటె తక్కువ మెట్టులో ఉంచుతాము. అతని లెక్కలో ప్రేమ మొలక మాత్రమే, స్నేహం పువ్వు. స్నేహమన్న మాటకు సంస్కృతంలో చమురని కూడ అర్థమున్నది. మనస్సు కరగి తడియై ఉండటమే అది. ఆ తడి మీదనే రంగు పట్టుతుంది. స్నేహాధిక్యం చేత ఎంతటి దుఃఖమైనా మనస్సులో సుఖపు రంగునే దాల్చినపుడు దానికి రాగమని పేరు. ఇది అతని నిర్వచనపు సారం.

ఆ మీద రంగుల పరీక్ష వస్తుంది. రాగం మూడు విధాలు: కుసుంభరాగం, నీలీరాగం, మంజిష్ఠరాగం. మూడూ అద్దకపు రంగుల పేర్లే. కుసుంభమంటే మన రైతులు నూనెకై పండించే కుసుమ. దాని పూరేకుల నుండి వచ్చే ఎఱుపు క్షణంలో పట్టుతుంది, కళ్ళు చెదరునట్లు మెరుస్తుంది, క్షణంలోనే పోతుంది. ఎండకు నిలువదు, చాకిరేవుకు నిలువదు. నీలి అట్లా కాదు. ఒకసారి పట్టినదంటే వదలదు. కాని మెరుపు లేదు. మంజిష్ఠ రెండు గుణాలూ కలది. త్వరగా పట్టుతుంది, చాలకాలం నిలుస్తుంది, మిక్కిలి శోభిస్తుంది. ప్రేమలు కూడ అంతేనని సింగభూపాలుడు చెప్పుతున్నాడు.

ఈ విభాగం అతడొక్కడే కల్పించినది కాదు. ఇంచుమించు అదే శతాబ్దంలో కళింగదేశపు విశ్వనాథుడు సాహిత్యదర్పణంలో పూర్వరాగాన్ని ఈ మూడు రంగులతోనే విభజించినాడు. ఇద్దరిలోను రంగులు అవే, చోటు వేరు. చూడక ముందో, కలియక ముందో పుట్టే ఆరంభపు మోహానికి విశ్వనాథుడు వీనిని వాడగా, సింగభూపాలుడు అంచెలంచెలుగా ఎదిగి పండిన ప్రేమకు వాడినాడు. రంగు నిలుస్తుందా పోతుందా అని మొదటి రోజున అడిగి లాభమేమి? కొంతకాలం ఉతికి చూడవలెను. ఈ విషయంలో రాచకొండ రాజు చేసిన మార్పే సరియైనదని తోస్తుంది.

అద్దకం తెలిసినవారికి ఈ మాటల బలం ఎక్కువగా తెలుసును. కుసుమపువ్వు ఎఱుపు క్షారపు నీటిలో కరగి పోయే గుణం కలది. నీలిమందు నీటిలో కరుగదు. దానిని పులియబెట్టి గుడ్డకు పట్టించి గాలికి ఆరవేస్తే దారంలోనే గడ్డకట్టుకొని కూర్చుంటుంది. మంజిష్ఠకు పటిక తోడు కావలెను. పటిక దారాన్నీ రంగునూ కలిపి ముడివేస్తుంది. బందరు అద్దకాలకు ఎఱుపునిచ్చిన చిరివేరు కూడ ఈ జాతిదే. రాచకొండకు పొరుగున ఉన్న పుట్టపాక నేతగాండ్రు నూనెలో నానవేసిన నూలుతో తేలియా రుమాళ్ళు నేస్తారు. వానికి సింగభూపాలునితో చారిత్రకమైన సంబంధం చెప్పటానికి వీలులేదు. అయినా చమురు పట్టిన నూలుకే ఎఱుపు బాగా అంటుతుందని వారు అనుభవంలో ఎరిగినది, స్నేహం తరువాతనే రాగం వస్తుందని అతడు శాస్త్రంలో చెప్పినది ఒకదాని ప్రక్క ఒకటి ఉంచి చూడదగినవి.

ఇక సంగీతం. శార్ఙ్గదేవుడు దేవగిరిలో యాదవ సింఘణుని ఆశ్రయంలో 13వ శతాబ్దం పూర్వార్ధాన సంగీతరత్నాకరాన్ని రచించినాడు. ఏడధ్యాయాల గ్రంథమది. అందులో 264 రాగాల లెక్క ఉన్నది. కల్లినాథుడు విజయనగరంలో కళానిధి అనే వ్యాఖ్య వ్రాయటానికి ముందే సింగభూపాలుని సుధాకరం వెలసినది. అనగా దక్షిణదేశంలో ఆ మహాగ్రంథానికి తాళపుచెవి ముందుగా తయారైనది రాచకొండలో.

శార్ఙ్గదేవుడు ఏడు స్వరాలకు ఏడు రంగులు చెప్పినాడు. షడ్జం తామరపువ్వు ఎఱుపు. ఋషభం పసుపు ఎఱుపు కలిసిన పింజరవర్ణం. గాంధారం బంగారు వన్నె. మధ్యమం మల్లెజాతి కుందపుష్పపు తెలుపు. పంచమం నలుపు. ధైవతం పసుపు. నిషాదం పలువన్నెల కలగలుపు. అంతటితో ఆగక ఏ స్వరం ఏ రసానికి తగునో కూడ చెప్పినాడు. షడ్జ ఋషభాలు వీర అద్భుత రౌద్రాలకు, ధైవతం బీభత్స భయానకాలకు, గాంధార నిషాదాలు కరుణకు, మధ్యమ పంచమాలు హాస్య శృంగారాలకు. మరియొక ప్రక్క భరతముని ఎనిమిది రసాలకు ఎనిమిది రంగులు పెట్టినాడు. శృంగారం శ్యామం, హాస్యం తెలుపు, కరుణ పావురపు బూడిదవన్నె, రౌద్రం ఎఱుపు, వీరం గౌరం, భయానకం నలుపు, బీభత్సం నీలం, అద్భుతం పసుపు.

ఈ మూడు పట్టికలను కలిపి చూస్తే ఏమవుతుంది? ఉపాధ్యాయులు తరగతిలో నల్లబల్ల మీద వ్రాసి చూపదగిన లెక్క ఇది. మధ్యమం తెలుపు, హాస్యం తెలుపు: కలిసినది. పంచమం నలుపు, శృంగారం శ్యామం: కలిసినది. షడ్జం ఎఱుపు, రౌద్రం ఎఱుపు: ఇదీ కలిసినది. కాని గాంధారం బంగారు వన్నె, దాని రసమైన కరుణ బూడిదరంగు. ధైవతం పసుపు, దాని రసాలు నీలమూ నలుపూ. కలియలేదు. కాబట్టి పూర్వులు ఒక సూత్రం పట్టుకొని అన్నింటిని కుదించినారని అనుకొనరాదు. వేర్వేరు సంప్రదాయాల అనుభవం వేర్వేరుగా నిలిచి ఉన్నది. వ్యాఖ్యాతలు దానిని బలవంతంగా చదును చేయలేదు. కలియని చోటు కలియనట్లే ఉండనిచ్చిన వ్యాఖ్యాత నిజాయితీ కలవాడు. ఏడు స్వరాలకు ఏడు రంగులను జతపరచే కోరిక మన పూర్వులకే పరిమితం కాదు. 1704లో అచ్చయిన కాంతిశాస్త్ర గ్రంథంలో న్యూటన్ ఇంద్రధనుస్సు రంగులను ఏడుగా విభజించి సంగీతపు మెట్లతో సరిపోల్చినాడు. 1910లో రష్యా దేశపు స్క్రియాబిన్ తన సంగీత రచనలో వాద్యాలతో పాటు రంగుల వెలుగును ప్రసరింపజేసే యంత్రానికి కూడ పాత్ర కల్పించినాడు.

రంగు కంటె సున్నితమైనది ఛాయ. సంగీతరత్నాకరంలో ప్రకీర్ణకాధ్యాయం గాయకుల గుణదోషాలను చెప్పే చోటు. అందులో ఛాయకు కాకువు అని పేరు పెట్టి ఆరు విధాలు చెప్పినారు. ఒక స్వరం మీద మరియొక స్వరపు నీడ పడటం స్వరకాకువు. రాగానికి తనదైన మెరుపు రాగకాకువు. ఒక రాగంలో పొరుగు రాగపు నీడ తొంగిచూడటం అన్యరాగకాకువు. ఒక దేశపు పాటకు గల యాస దేశకాకువు. వీణకో వేణువుకో చెందిన ధ్వని యంత్రకాకువు. మిగిలినది క్షేత్రకాకువు. క్షేత్రమంటే శరీరం. ఒకే పాటను ఇద్దరు పాడినపుడు స్వరాలు తప్పకపోయినా రెండు పాటలుగా వినబడటానికి కారణం ఈ క్షేత్రమే. తరగతిలో ఇద్దరు బాలికలు ఒకే పద్యం చదివితే ఏ ఉపాధ్యాయునికైనా ఇది తెలిసిపోతుంది. చిత్రకారుడు వెలుగునీడలతో చేసే పనిని గాయకుడు ఈ ఆరు ఛాయలతో చేస్తున్నాడు. ఒక వస్తువు నునుపా గరుకా అన్నది దాని రంగు చెప్పదు, దాని మీది నీడ చెప్పుతుంది. కంఠంలోనూ అంతే. స్వరం పాఠంలో వస్తుంది, ఛాయ మనిషిలో నుండి వస్తుంది.

సాత్త్వికభావాల ప్రకరణం కూడ ఈ దృష్టితో చదువదగినది. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రళయం అని ఎనిమిది. వీనిని నటుడు కృత్రిమంగా తెచ్చుకోలేడు. మనస్సు నిజంగా కదిలితేనే ఒంటిమీద కనబడుతవి. అందులో స్వరభేదమంటే గొంతు మారటం, వైవర్ణ్యమంటే ముఖపు రంగు మారటం. కోపం, భయం వంటివి రెంటికీ కారణాలే. ఒకే కదలిక గొంతులో స్వరంగా విరుగుతుంది, చెక్కిలి మీద రంగుగా మారుతుంది. గాయకుడు మొదటిదానిని, చిత్రకారుడు రెండవదానిని పట్టుకొంటాడు. నటునికి రెండూ కావలెను. విష్ణుధర్మోత్తరంలో మార్కండేయుడు వజ్రరాజుకు చిత్రవిద్య నేర్పబోయే ముందు, నృత్యం తెలియనిదే చిత్రం తెలియదనీ, వాద్య గీతాలు తెలియనిదే నృత్యం తెలియదనీ మెట్లు దింపుకొంటూ పోవటానికి కారణం ఇదే అయి ఉండవలెను.

సింగభూపాలుని కాలపు తెలుగుదేశంలో చిత్రకళ రాజుల గోడలకు మాత్రమే పరిమితమైనది కాదు. క్రీడాభిరామంలో ఓరుగల్లు వీథులు త్రిప్పి చూపే కవి, మాచల్దేవి ఇంటి చిత్రశాలా ప్రవేశాన్ని ఒక ముచ్చటగా వర్ణించినాడు. వేశ్య తన ఇంటి గోడల మీద పురాణకథలు వ్రాయించుకొని గృహప్రవేశం వలె ఉత్సవం చేసిన ఊరది. అట్టి గోడలలో నేడు నిలిచినవి ఎన్ని? రాచకొండ మీద కోటగోడలు, ద్వారాలు, గుడులు శిథిలాలై ఉన్నవి. రాజమందిరపు రంగులు లేవు. పిల్లలమఱ్ఱిలోని ఆ కొద్దిపాటి జాడల వంటివే ఆనాటి కుంచెకు మిగిలిన సాక్ష్యాలు. గాయకుల గొంతుల సంగతి చెప్పనే అక్కరలేదు. శాస్త్రమొకటే మిగిలింది.

ఆ శాస్త్రమంతా ఒకే విధంగా రుచిస్తుందని చెప్పటానికి వీలులేదు. రసార్ణవసుధాకరంలో నాయికల భేదాలు, వారి చేష్టల విభాగాలు, ఉపవిభాగాలు చదివేవానికి విసుగు పుట్టిస్తవి. అది ఆ కాలపు పద్ధతి. భావాన్ని విభజించటంలో ఆనందం ఒక హద్దు దాటినపుడు భావం జారిపోయి విభాగమే మిగులుతుంది. ఉదాహరణకై తన్ను తానే పొగడించుకొనే రాజు కూడ అక్కడక్కడ ఎదురవుతాడు. అయినా పగ తీర్చుకొనటమే ధర్మమని నమ్మిన ఇంటిలో పుట్టి, దుఃఖం సుఖపు రంగు దాల్చే ఘట్టాన్ని వెదకిన మనస్సును తక్కువగా అంచనా వేయరాదు. తాతను చంపినవారి మీద తండ్రికి కలిగిన క్రోధం ఏ రంగుదో, కుసుంభమో మంజిష్ఠమో, అతడు ఎక్కడా వ్రాయలేదు.

14వ శతాబ్దం ముగిసే నాటికి సింగభూపాలుని ఏలుబడి ముగిసినది. 1430 తరువాతి దశాబ్దంలో రాచకొండ బహమనీల వశమైనది. వంశంలోని శాఖలు దక్షిణానికి తరలిపోయినవి. వెలుగోటివారు నెల్లూరు సీమలో వేంకటగిరి సంస్థానాధీశులై వంశావళిని కాపాడుకొన్నారు. గ్రంథాలు అంతకంటె దూరం పోయినవి. 16వ శతాబ్దంలో చైతన్యుని శిష్యుడు రూపగోస్వామి నాటకచంద్రిక వ్రాయబోతూ, భరతశాస్త్రంతో పాటు తాను పరిశీలించిన గ్రంథంగా సింగభూపాలుని సుధాకరాన్నే పేర్కొన్నాడు. కృష్ణభక్తిని రసంగా నిరూపించిన గౌడీయ పండితుల చేతికి ఈ తెలుగురాజు పుస్తకం ఏ దారిన చేరినదో గాని, చేరినది.

సంగీతరత్నాకరపు స్వరాధ్యాయం సింగభూపాలుని వ్యాఖ్యతో మొదట అచ్చయినది 1879లో కలకత్తాలో. రసార్ణవసుధాకరాన్ని 1916లో తిరువనంతపురంలో గణపతిశాస్త్రిగారు ప్రకటించినారు. మద్రాసు అడయారు గ్రంథాలయం 1943 నుండి 1953 వరకు నాలుగు సంపుటాలలో సంగీతరత్నాకరాన్ని కల్లినాథ సింగభూపాలుల వ్యాఖ్యలు రెంటితోను వెలువరించింది. అక్కడనే 1979లో రసార్ణవసుధాకరం మరియొకసారి పరిష్కృతమై వచ్చినది. వీనిలో ఒక్కటియైనా ఆమనగల్లుకు గాని రాచకొండకు గాని దగ్గరి ఊరిలో అచ్చయినది కాదు.